ఇంట్లోనే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్: పైపు కోసే ముందు టెంపరేచర్ కొలవండి

బానెట్ ఎత్తగానే మెరిసే అల్యూమినియం పైపు, దాని చివర ఎర్రటి కోన్ ఫిల్టర్. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. "రెండు వేల ఖర్చుతో పది హార్స్‌పవర్" అని కింద క్యాప్షన్. నేనూ పడిపోయాను. నా 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మీద మూడు వీకెండ్లు పెట్టాను. తీరా చూస్తే మొదటి వెర్షన్ పెట్టాక కారు కంపెనీ నుంచి వచ్చినప్పటి కంటే కాస్త నీరసంగా తయారైంది. విచిత్రం ఏంటంటే, సౌండ్ మాత్రం అదిరిపోయింది! అందుకే రెండు రోజులు మోసపోయాను. అసలు సంగతి బయటపెట్టింది నా చెవులు కాదు, ఐదొందల రూపాయల బ్లూటూత్ డాంగిల్.

కాబట్టి ఈ ఆర్టికల్‌లో పైపు గురించి తక్కువ, టెంపరేచర్ గురించి ఎక్కువ ఉంటుంది.

చల్లగాలితో లాభం ఎంత?

గాలి వేడెక్కితే పలచబడుతుంది. అదే సిలిండర్‌లో అదే వాల్యూమ్ నిండినా ఆక్సిజన్ తక్కువ వస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన గ్యాస్ ఈక్వేషనే ఇది, కాకపోతే సెల్సియస్‌లో కాకుండా కెల్విన్‌లో లెక్క వేయాలి. 35 డిగ్రీలంటే 308 కెల్విన్, 65 డిగ్రీలంటే 338 కెల్విన్. 308ని 338తో భాగిస్తే 0.91. అంటే గాలి 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఇంజిన్‌కి దాదాపు 9 శాతం తక్కువ గాలి అందుతుంది. దానికి తోడు, వేడి గాలితో నాకింగ్ వచ్చే ప్రమాదం ఉంటే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది. పవర్ ఇంకొంచెం పోతుంది.

ఇక్కడే చాలామంది మిస్ అయ్యే పాయింట్ ఒకటుంది. మీ కారులో కంపెనీ వాళ్లు పెట్టిన ఇన్‌టేక్ చాలావరకు ఇప్పటికే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేకే! ఎయిర్ బాక్స్ నుంచి ఒక ప్లాస్టిక్ మూతి బయలుదేరి గ్రిల్ వెనక్కో, హెడ్‌లైట్ పక్కకో వెళ్తుంది చూడండి. అది బయటి గాలినే పీలుస్తుంది. దాని పక్కన అర్థంకాని ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేలాడుతుంటే అది రెజొనేటర్, గాలి చప్పుడు తగ్గించడానికి పెట్టింది. దాన్ని పీకేస్తే సౌండ్ పెరుగుతుంది, మనసు "పవర్ పెరిగింది" అనుకుంటుంది.

ముందు డాంగిల్, తర్వాత పైపు

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్ట్ ఉంటుంది. ఈఎల్ఎం 327 రకం డాంగిల్ గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ వేసుకుంటే చాలు. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్ డాంగిల్ కొనకండి, వైఫైది లేదా బ్లూటూత్ లో ఎనర్జీది కావాలి. మరీ చవక క్లోన్లు కొన్ని కమాండ్లకు జవాబే ఇవ్వవు, రిటర్న్ పాలసీ చూసి తీసుకోండి.

మనకు కావాల్సిన రీడింగ్ ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్. కోడింగ్ వాళ్లకి ఇది సరదాగా ఉంటుంది. మనం 01 0ఎఫ్ అని పంపితే కారు 41 0ఎఫ్ 54 లాంటి జవాబు ఇస్తుంది. చివరి 54 హెక్సాడెసిమల్, అంటే మన లెక్కలో 84. అందులోంచి 40 తీసేస్తే 44 డిగ్రీలు. మైనస్ టెంపరేచర్లు కూడా ఒకే బైట్‌లో పట్టాలని పెట్టిన ఆఫ్‌సెట్ అది. నేను పైథాన్‌లో చిన్న లూప్ రాసి సెకనుకొకసారి లాగ్ చేశాను. యాప్‌లోని లాగింగ్ ఆప్షన్ అయినా సరిపోతుంది.

ఏ పార్టూ కొనకముందే రెండు సందర్భాలు కొలవండి. ఒకటి ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట 80 స్పీడ్‌లో పది నిమిషాలు. రెండోది ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పది నిమిషాలు. బయట 38 డిగ్రీలున్న రోజున నా స్టాక్ సెటప్‌లో మొదటిది 44, రెండోది 58 వచ్చాయి. రాసి పెట్టుకున్నాను. ఈ రెండు నంబర్లు లేకపోతే తర్వాత చేసేదంతా డెకరేషనే.

మొదటి వెర్షన్ ఎందుకు ఫెయిలయ్యింది

పుత్లీబౌలిలో కోన్ ఫిల్టర్, సిలికాన్ కప్లర్లు, క్లాంపులు తీసుకున్నా. రాణిగంజ్‌లో 63 ఎంఎం అల్యూమినియం పైపు దొరికింది. ఇంటి ప్లంబింగ్‌కి వాడే పీవీసీ పైపుతో కానిచ్చేద్దామని మా వాడొకడు సలహా ఇచ్చాడు. వద్దు. మామూలు పీవీసీ 80 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి మెత్తబడుతుంది, ఇంజిన్ పక్కన ఆ వేడి తేలిగ్గా వస్తుంది.

పైపు సైజు గురించి నెట్‌లో పెద్ద గొడవలే జరుగుతుంటాయి. లెక్క వేద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు రౌండ్లకు ఒకసారి తన కెపాసిటీ అంత గాలి పీలుస్తుంది. 1.2 లీటర్ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3600 లీటర్లు, అంటే సెకనుకి 60 లీటర్లు మించి పీల్చలేదు. 63 ఎంఎం పైపులో ఆ గాలి సెకనుకి సుమారు 19 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఇది పెద్ద ఇబ్బందేమీ కాదు, ఇంత చిన్న ఇంజిన్‌కి 76 ఎంఎం పైపు అనవసరం. ఇంకో మాట, ఫుల్ యాక్సిలరేషన్‌లో ఆ గాలి మీటరు పైపుని సెకనులో ఇరవయ్యో వంతులో దాటేస్తుంది. పైపు వేడిగా ఉన్నా గాలి వేడెక్కే టైమే ఉండదు. అసలు సమస్య పైపు మెటీరియల్‌ది కాదు, ఫిల్టర్ ఎక్కడ కూర్చుందన్నదే.

నా ఫిల్టర్ ఇంజిన్ బేలో ఓపెన్‌గా కూర్చుంది. రేడియేటర్ ఫ్యాన్ వదిలే వేడి గాలంతా నేరుగా దాని మీదికే. లాగ్ తెరిచి చూస్తే హైవేలో 53, ట్రాఫిక్‌లో 74! కోల్డ్ ఎయిర్ కాదు, హాట్ ఎయిర్ ఇన్‌టేక్ చేశానన్నమాట. లెక్కలో హైవే మీద దాదాపు 3 శాతం, ట్రాఫిక్‌లో 4.6 శాతం గాలి పోయింది. డబ్బులు పెట్టి మరీ పోగొట్టుకున్నా.

రెండో వెర్షన్

ముందు అట్టముక్కతో మోడల్ చేసి, ఫిట్ అయ్యాక 2 ఎంఎం అల్యూమినియం షీట్ కోసి ఫిల్టర్ చుట్టూ గోడలు కట్టాను. పై అంచుకి డోర్ బీడింగ్ రబ్బరు, బానెట్ మూస్తే అది నొక్కుకుని సీల్ అవుతుంది. గ్రిల్ వెనక నుంచి ఆ డబ్బాలోకి 75 ఎంఎం ఫ్లెక్సిబుల్ డక్ట్ లాగాను. డబ్బా అడుగున 6 ఎంఎం డ్రెయిన్ రంధ్రం ఒకటి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైర్ తీయడం మర్చిపోవద్దు. అల్యూమినియం షీట్ చేతిలో ఉండగా పాజిటివ్ టెర్మినల్‌కి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఫిట్ చేశాక షీట్ ఏ మూలా ఆ టెర్మినల్‌కి దగ్గరగా లేదని కూడా చూసుకోండి. వైర్ తిరిగి పెట్టాక ఐడిలింగ్ ఒకట్రెండు రోజులు తేడాగా ఉండొచ్చు, ఈసీయూ మళ్లీ నేర్చుకుంటుంది.

ఒక్క పని మాత్రం బద్ధకించకుండా చేయండి. కోసిన పైపు అంచుల్ని ఆకురాయితో నున్నగా చేసి, లోపల సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఫిల్టర్ దాటాక ఇంజిన్‌కి కాపలా ఎవరూ లేరు. ఒక్క లోహపు రజను సిలిండర్‌లోకి వెళ్తే గీతలు పడేది గోడల మీదే. అలాగే ఇంజిన్ నుంచి వచ్చే సన్నని బ్రీదర్ గొట్టాన్ని గాలిలో వదిలేయకండి, ఫిల్టర్ తర్వాత పైపులోకి కలపాలి.

మీ కారులో మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటే ఇంకో జాగ్రత్త. ఆ సెన్సర్ కూర్చునే చోట పైపు లోపలి సైజు స్టాక్‌లో ఎంత ఉందో అంతే ఉండాలి. వెడల్పు పెంచితే అదే గాలి నెమ్మదిగా కదులుతుంది, ఈసీయూ తక్కువ గాలి వచ్చిందనుకుని తక్కువ పెట్రోల్ ఇస్తుంది. ఆయిల్ రాసే కాటన్ ఫిల్టర్లకు నూనె ఎక్కువైతే సెన్సర్ వైరుకి అంటుకుని రీడింగ్ పాడవుతుంది. టర్బో కార్ల వాళ్లయితే ఈ పనికి దిగకపోవడమే మేలు, అక్కడ గాలిని చల్లబరిచే డ్యూటీ ఇంటర్‌కూలర్‌ది.

ఫైనల్ రీడింగ్: బయట అదే 38, హైవేలో 42, ట్రాఫిక్‌లో 60. అంటే హైవేలో స్టాక్ కంటే రెండు డిగ్రీలు మెరుగు, ట్రాఫిక్‌లో రెండు డిగ్రీలు దండగ. ఆ రెండు డిగ్రీల లాభాన్ని కెల్విన్‌లో పెడితే 0.6 శాతం. 80 హార్స్‌పవర్ ఇంజిన్‌లో అంతా కలిసొచ్చినా అర హార్స్‌పవర్. ఖర్చు డాంగిల్ కాకుండా 2,900.

మైలేజ్ పెరుగుతుందా అని ఆఫీస్‌లో అందరూ అడిగారు. పెరగదు. గాలి ఎంత వస్తే దానికి తగ్గ పెట్రోల్‌ని ఈసీయూ కలుపుతుంది. మామూలు స్పీడ్‌లో వెళ్లేటప్పుడు థ్రాటిల్ సగం మూసే ఉంటుంది, గాలి చల్లగా ఉంటే మన కాలు ఇంకొంచెం తక్కువ నొక్కుతుంది, అంతే తేడా.

వానొస్తే?

డక్ట్‌ని బంపర్ అడుగుకి దించితే ఇంకా చల్లగాలి వస్తుందని వీడియోల్లో చెప్తారు. మన ఊళ్లో గంట వాన పడితే అండర్‌పాస్‌లో మోకాళ్ల లోతు నీళ్లు. నీరు గాలిలా కుదించుకోదు. అది సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేని ఇన్సూరెన్స్‌లో ఆ ఖర్చు మామూలుగా మన జేబుదే. యాడ్-ఆన్ ఉన్నా, చెప్పకుండా చేసిన మార్పు కనిపిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. వారంటీలో ఉన్న కారైతే అసలు చేయి పెట్టకండి. డక్ట్ మూతి ఎప్పుడూ కంపెనీ వాళ్లు పెట్టిన ఎత్తు కంటే కిందకి రాకూడదు.

నేనైతే జూన్ మొదటి వారంలో పాత ఎయిర్ బాక్స్ తిరిగి బిగించేశా, ఇరవై నిమిషాల పని. విప్పిన స్టాక్ పార్టులన్నీ ఒక అట్టపెట్టెలో దాచి ఉంచడం వల్ల బతికిపోయాను. బాక్స్ పెట్టేటప్పుడు చూస్తే దాని మూతికీ గ్రిల్‌కీ మధ్య ఉండాల్సిన ఫోమ్ సీల్ చిరిగిపోయి ఉంది. వంద రూపాయల ఫోమ్ స్ట్రిప్ అంటించి, కొత్త పేపర్ ఫిల్టర్ వేసి మళ్లీ లాగ్ తీశా. వానలు మొదలుకాకముందే, బయట 38 ఉన్న ఇంకో రోజున, హైవేలో 42 చూపించింది.