అభిప్రాయం అడుగుటకు, చర్చించుటకు ఆంగ్లపదాలు

మన విద్యార్థులలో అనేకులు ఆంగ్లంలో వ్యాసం వ్రాయగలరు. కాని సభలో లేచి ఎదుటివారి అభిప్రాయం అడుగవలసి వచ్చినప్పుడు, మర్యాదగా విభేదించవలసి వచ్చినప్పుడు మౌనం వహిస్తారు. విషయజ్ఞానం లేక కాదు. తగిన మాట తోచక. ఆ మౌనాన్ని ఇతరులు అంగీకారంగా భావిస్తారు. కనుక ఈ పదాలను నేర్చుట పరీక్షకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ముందుగా 'ఫాక్ట్' అనగా యథార్థమునకు, 'ఒపీనియన్' అనగా అభిప్రాయమునకు గల భేదాన్ని గ్రహించవలెను. 'ఒపీనియన్' అనునది ఊహించుట, తలచుట అను అర్థంగల లాటిన్ ధాతువునుండి పుట్టినది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున గల శ్రీముఖలింగం ఇందుకు చక్కని ఉదాహరణ. తూర్పు గాంగరాజుల రాజధాని కళింగనగరం ఏది అను ప్రశ్నకు, నది సముద్రంలో కలియుచోట ఉన్న కళింగపట్నమే అని కొందరు పండితులు తలచిరి. శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి ఆ ఆలయశాసనాలను స్వయంకృషితో చదివి, ముఖలింగమే కళింగనగరమని వాదించినారు. రాతిపై నున్న అక్షరం యథార్థం. దానినుండి తీసిన నిర్ణయం అభిప్రాయం. అభిప్రాయానికి ఆధారం చూపుటయే చర్చకు ప్రాణం.

ఇక అడిగే పద్ధతి. ఉర్దూలో 'ఆప్ కీ క్యా రాయ్ హై' అందురు. తెలుగులో 'మీరేమంటారు' అందురు. ఆంగ్లంలో 'వాట్ డూ యు థింక్' అనవలెను. 'మీకెలా తోస్తున్నది' అను మన పలుకుబడిని అనుసరించి 'హౌ డూ యు థింక్' అన్నచో, ఆలోచించే విధానమేమని అడిగినట్లగును. పెద్దలను అడుగునప్పుడు 'మే ఐ ఆస్క్ యువర్ ఒపీనియన్ ఆన్ దిస్' అనుట వినయం. 'నా ప్రకారం' అనుటకు 'అకార్డింగ్ టు మీ' అని వాడుట మనలో పరిపాటి; 'ఇన్ మై ఒపీనియన్' అనుటయే సరి. 'అడ్వైస్' అను మాటకు బహువచనం లేదు. 'సజెషన్' అను మాటకు కలదు.

చర్చను తెలిపే మాటలలోనూ తారతమ్యం ఉన్నది. 'డిస్కషన్' విషయాన్ని అన్నివైపులా పరిశీలించుట. 'డిబేట్' రెండు పక్షాలు నియమబద్ధంగా వాదించుట, ఉర్దూలోని 'బహస్' వంటిది. 'డిస్ప్యూట్' మన తకరారు. 'క్వారెల్' కేవలం కలహం. 'డిస్కస్' అను క్రియ తరువాత 'అబౌట్' చేర్చరాదు. 'వుయ్ డిస్కస్డ్ ది ప్రాబ్లెమ్' అన్నచో చాలును.

అంగీకారంలో మూడు రీతులు గలవు. వ్యక్తితో ఏకీభవించినచో 'అగ్రీ విత్'. ప్రతిపాదనకు సమ్మతించినచో 'అగ్రీ టు'. పలువురు కలిసి ఒక నిర్ణయానికి వచ్చినచో 'అగ్రీ ఆన్'. విభేదించునప్పుడు 'యు ఆర్ రాంగ్' అనుటకంటె 'ఐ సీ యువర్ పాయింట్, బట్' అని ఆరంభించుట మేలు. 'ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ అగ్రీ' అనునప్పుడు భయప్రసక్తి లేదు; అది మర్యాదవాక్యం మాత్రమే.

వీటన్నింటిలో గౌరవనీయమైన మాట 'డిసెంట్'. వేరుగా భావించుట అని దాని మూలార్థం. పాఠశాలల, కళాశాలల వ్యాసరచనలో ఏ తెలుగు ఉండవలెనను వివాదంలో, 1914లో విజయనగరవాసి గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతిని ఆంగ్లంలో సవిస్తరంగా వ్రాసి సమర్పించినారు. అదే ప్రసిద్ధమైన 'మినిట్ ఆఫ్ డిసెంట్'. ఇందు 'మినిట్' అనగా నిమిషం కాదు. అధికారికంగా నమోదు చేయు లేఖనం. అప్పటికి గ్రాంథికవాదులదే పైచేయి అయినది. గురజాడ 1915లో కన్నుమూసినారు. అయినను ఆయన వాదం కాగితంపై నిలిచినది. అనంతరం తెలుగు పత్రికలు, పుస్తకాలు వ్యావహారికాన్నే స్వీకరించినవి. ఆయన నిందకు దిగి ఊరకున్నచో ఆ వాదం మనకు అందెడిది కాదు.

ఈ ఉద్యమానికి ఒక ప్రశ్నయే నాంది అని చెప్పుదురు. ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్సు అను ఆంగ్లేయుడు, ప్రజలు మాటలాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు మరొకటి ఏల అని విచారించినాడు. గిడుగు, గురజాడ ప్రభృతులు ఆ ప్రశ్నను గూర్చి గాఢంగా ఆలోచించినారు. అడిగినవాడు వినుటకు సిద్ధపడినందుననే ఆ ప్రశ్న ఫలించినది.

కావున విద్యార్థులు ఈ పదాలను కంఠస్థం చేసి విడువక, తరగతిలోను, వక్తృత్వసభలోను ప్రయోగించవలెను. కళాశాల పెద్దలు అట్టి సభలను తరచుగా ఏర్పాటు చేయవలెను. 'వాట్ డూ యు థింక్' అని అడిగిన పిమ్మట సమాధానం పూర్తి అగువరకు ఓపికతో వినుట ఆ వాక్యంలోని చివరి భాగమని తెలియవలెను.