కాయిల్ మార్చే ముందు

 

మీ గదిలో గీజర్ నీళ్లు సరిగ్గా కాగడం లేదని, కాయిల్ పోయిందని మెకానిక్ తేల్చేశాడని, ‘కరెంటు ఫుల్లుగానే ఉందిగా’ అని ఇంటి ఓనరు వంతపాడాడని రాశావు. మనవాళ్లతో చిక్కే అది. వోల్టేజీ, ఆంపియర్లు, నెలాఖరు బిల్లు, అన్నిటికీ కరెంటు అన్న ఒకే మాట. ఐటీఐ చదువుతున్నవాడివి, నువ్వైనా విడదీసి చూడాలి కదరా అల్లుడూ.

నువ్వు పంపిన అంకెలు చాలు. గీజర్ మీద రేకు 2000 వాట్లు, 230 వోల్టులు అంటోంది. భాగిస్తే 8.7 ఆంపియర్లు. 230ని మళ్లీ 8.7తో భాగిస్తే నిరోధం 26.4 ఓమ్‌లు. కాయిల్ జాతకం అది. గీజర్ నడుస్తుండగా నువ్వు సాకెట్ దగ్గర చూసింది 196 వోల్టులు, క్లాంప్ మీటర్లో 7.4 ఆంపియర్లు. భాగించు, 26.5. కాయిల్ నిక్షేపంలా ఉంది! ఇప్పుడు గుణించు, 1450 వాట్లు. వోల్టేజీ తగ్గింది ఏడో వంతే, వేడి మాత్రం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. వోల్టేజీతోపాటు ఆంపియర్లూ దిగాయి మరి. 15 లీటర్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి 16 నిమిషాలు చాలేవి, ఇప్పుడు 22 పడుతుంది.

గీజర్ ఆపితే అదే సాకెట్లో 226 చూపించిందన్నావే, అసలు సంగతి అక్కడుంది. ఓనరు చూసిందీ ఆ అంకే. ప్రవాహం లేనప్పుడు దారిలో ఎంత నిరోధం ఉన్నా వోల్టేజీ తరగదు. 7.4 ఆంపియర్లు పారేసరికి 30 వోల్టులు దారిలోనే పోయాయి. 30ని 7.4తో భాగిస్తే 4 ఓమ్‌లు, ఇంటి వైరింగుకు చాలా ఎక్కువ. గుణిస్తే 222 వాట్లు. అంత వేడి ఏ తీగలోనో, ఏ జాయింట్లోనో పుడుతోంది. మీ వర్క్‌షాపులో టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే కదా, ఊహించుకో.

ఆపేసి మీటరుతో ఓమ్‌లు చూసుకుంటే పోలేదా అంటావేమో. వైండింగ్ షాపులో కుదిరిన కొత్తలో నేనూ అలాగే వంద వాట్ల బల్బును చూశాను. 40 ఓమ్‌లు. లెక్కగట్టి, ఇది 1300 వాట్లు తింటుందని గంభీరంగా చెప్పాను. షాపు ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. టంగ్‌స్టన్ తీగ వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు, చల్లారితే అందులో పదో వంతు కూడా ఉండదు. గీజర్ కాయిల్ నిక్రోమ్ కాబట్టి ఇంత తేడా రాదు. కానీ జాయింట్ల గుట్టు లోడు మీదే బయటపడుతుంది. మోటార్లకు మాత్రం ఈ లెక్క వాడకు, అక్కడ పవర్ ఫ్యాక్టర్ ఉంటుంది. పండక్కి వచ్చినప్పుడు చెబుతాను.

మీ సార్‌ని తోడు తీసుకెళ్లి, గీజర్ నడుస్తుండగా ఒక్క నిమిషం మీటర్ బోర్డు దగ్గర వోల్టేజీ చూడు. అక్కడా 196 ఉంటే తప్పు స్తంభం వైపు, లైన్‌మన్‌కు చెప్పించు. 225 దాకా ఉంటే ఇంట్లోనే. మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే సాకెట్ విప్పు. టెర్మినల్ నల్లబడి, తీగ తొడుగు పెళుసెక్కి ఉంటే దొంగ దొరికినట్టే. ప్లగ్, సాకెట్ రెండూ 16 ఆంపియర్లవి కొత్తవి వేయించు. వేశాక మళ్లీ రీడింగులు తీసి నాకు పంపు. అప్పటిదాకా చన్నీళ్లే పోసుకో.

మీ మామయ్య