పాత సామాన్ల కొట్టు నుంచి గ్యాలరీ దాకా

నట్లు, బోల్టులు, సైకిల్ చైన్లు, అరిగిపోయిన గేర్లు, బేరింగులు... తెనాలిలోని సూర్య శిల్పశాలకు చేరే సరుకు ఇదే. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఈ ఇనుప తుక్కును వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలుగా మలుస్తారు. 2021లో వార్తల్లోకెక్కిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం వీళ్ల చేతిపనే. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్‌ది మరో దారి. బూటు, బర్గర్, క్రికెట్ బ్యాట్ ఆకారాల్లో నిజంగా నడిచే కార్లు తయారుచేసి, వాటితోనే సుధా కార్స్ మ్యూజియం పెట్టారు. ఆయన చేసిన భారీ మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్‌కెక్కింది.

ఇలాంటివి కనబడితే ముచ్చటపడి సెల్ఫీ దిగుతాం. ఇంట్లో పిల్లలు ‘నేనూ ఇదే చేస్తా’నంటే మాత్రం ‘కూడు పెడుతుందా?’ అంటాం. అడగాల్సిన ప్రశ్నే. పెడుతుంది. అయితే సరుకు వింతగా ఉన్నందుకు దక్కేది ఒకరోజు వార్త మాత్రమే. ఆ సరుకు గుణం తెలిసి ఉండటం, ఒప్పుకున్న పనిని చెప్పిన గడువుకు అప్పగించడం... ఈ రెండూ ఉంటేనే అది వృత్తి అవుతుంది.

సరుకు అందరిదీ, పద్ధతి మీది

ఎల్ అనట్సుయ్ ఘనాలో పుట్టి, న్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు శిల్పకళ బోధించారు. చెక్కతో, మట్టితో ఏళ్ల తరబడి పనిచేశారు. యాభై దాటాక, 1990ల చివర్లో, పారేసిన మద్యం సీసా మూతల సంచి ఒకటి ఆయన కంటబడింది. మూతను చదునుగా అణచడం, మడవడం, మెలితిప్పడం, అంచులకు చిల్లులు పొడిచి సన్నటి రాగి తీగతో ఒకదానికొకటి కుట్టడం... ఇదీ ఆయన పద్ధతి. వేల మూతలు కలిస్తే గోడంత పెద్ద జరీ వస్త్రంలా కుచ్చిళ్లు పడుతూ వేలాడుతుంది. లోహమే అయినా మడిచి పెట్టెలో సర్ది ఏ దేశానికైనా పంపొచ్చు. 2015లో వెనిస్ బియెనాలే ఆయనకు జీవన సాఫల్య పురస్కారంగా గోల్డెన్ లయన్ ఇచ్చింది. సీసా మూతలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. వాటిని కుట్టే తీరు ఆయన సొంతం.

సుబోధ్ గుప్తా బిహార్‌వాసి, పట్నా ఆర్ట్ కాలేజీ విద్యార్థి. స్టీలు గిన్నెలు, బిందెలు, టిఫిన్ క్యారియర్లు ఆయన సరుకు. ‘లైన్ ఆఫ్ కంట్రోల్’ (2008)లో ఆ పాత్రలన్నీ కలిసి అణుబాంబు పేలినప్పుడు లేచే పుట్టగొడుగు మేఘంగా నిలబడతాయి. తళతళలాడే వంటింటి సామాను యుద్ధాన్ని గుర్తుచేస్తుంది. ఆ గిన్నెలే ఎందుకు వాడారన్న ప్రశ్నకు జవాబు అక్కడే కనబడుతుంది. ఇంటర్వ్యూల్లో, పోర్ట్‌ఫోలియో పరిశీలనలో మిమ్మల్ని అడిగేదీ అదే: ‘ఈ సరుకే ఎందుకు?’

సరుకు గుణాన్ని పట్టుకుని పనిచేయడం మన దగ్గర కొత్తేమీ కాదు. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు గీకేసి, వెలుగు దూరేంత పలచగా ఆరబెట్టి తోలుబొమ్మలు చేస్తారు. తెరమీద ఆట తగ్గినా ఆ నైపుణ్యం ఆగలేదు. దీపం వెనకుంటే రంగులు వెలిగే తోలు గుణాన్నే పట్టుకుని ల్యాంప్‌షేడ్లు చేస్తూ కొత్త బజారు వెతుక్కున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చేర్యాల బొమ్మలకూ మాస్కులకూ రంపపు పొట్టు, చింతగింజల ముద్దే ఆధారం. డిజైన్ చదివే విద్యార్థికి ఇలాంటి ఊళ్లో కొన్ని వారాల మకాం ఒక సెమిస్టర్‌కు తీసిపోదు.

పని ఇచ్చేదెవరు?

మొదటి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వం. చండీగఢ్‌లో రోడ్ల తనిఖీ ఉద్యోగి నేక్‌చంద్ పగిలిన గాజులు, టైళ్లు, పింగాణీ ముక్కలతో ఏళ్లపాటు గుట్టుగా కట్టుకున్న రాక్ గార్డెన్‌ను 1976లో ప్రజలకు తెరిచారు. తర్వాత యంత్రాంగమే జీతం, కూలీలను ఇచ్చి ఆయనతో దాన్ని విస్తరింపజేసింది. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన వేస్ట్ టు వండర్ పార్కులో ఏడు ప్రపంచ వింతల నమూనాలు ఇనుప తుక్కుతో చేసినవే. ఇప్పుడు చాలా నగరపాలక సంస్థలు కూడళ్లలో, పార్కుల్లో ఇలాంటి శిల్పాలు పెట్టిస్తున్నాయి.

హోటళ్లు, ఐటీ కార్యాలయాలు, ఇంటీరియర్ సంస్థలు, సినిమా ఆర్ట్ విభాగాలు, ఈవెంట్ సెట్లు, షోరూం డిస్‌ప్లేలు, పాఠశాలల్లో వర్క్‌షాపులు... వీటిలోనూ పని ఉంది. గ్యాలరీ అమ్మకాలు ఆలస్యంగా మొదలవుతాయి. అందుకే తొలి ఏళ్లలో చాలామంది సెట్ వర్కుతోనో బోధనతోనో ఇల్లు నడుపుకుంటూ, మిగిలిన సమయం సొంత పనికి పెడతారు.

ఎక్కడ చదవాలి?

ఫైన్ ఆర్ట్స్ వైపు వెళ్లేవారికి హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఉంది. శిల్పం, పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్ వంటి విభాగాలకు ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఈ కోర్సులు నడుపుతున్నాయి. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, బరోడా ఎంఎస్‌యూ, శాంతినికేతన్ కళాభవన్ పేరున్నవి.

డిజైన్ వైపైతే ఎన్‌ఐడీలకు డ్యాట్, ఐఐటీల బీడిజైన్‌కు యూసీడ్ ప్రవేశ పరీక్షలు రాయాలి. రెంటికీ ఇంటర్ ఏ గ్రూపువారైనా అర్హులే. యూసీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది కాబట్టి ఇంటర్ రెండో ఏడాది దసరా నాటికే నోటిఫికేషన్లపై కన్నేసి ఉంచాలి. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. జైపూర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రాఫ్ట్స్ అండ్ డిజైన్‌లో కొన్ని స్పెషలైజేషన్లను సరుకు ప్రకారమే విభజించారు. మెత్తటి సరుకు, గట్టి సరుకు, కాల్చి చేసే సరుకు... వేటికవే వేరు.

ఐటీఐలో వెల్డర్, ఫిట్టర్, కార్పెంటర్ ట్రేడ్లు చేసినవారు తమను తక్కువ చేసుకోనక్కర్లేదు. బీఎఫ్‌ఏ విద్యార్థి నాలుగేళ్ల తర్వాత వెతుక్కునే చేతిపని వీరికి ముందే వచ్చు. డ్రాయింగ్, కొలతలు, నిష్పత్తులు సాధన చేస్తే చాలు.

కొటేషన్‌లోనే సగం కెరీర్

ఒక కాలేజీవాళ్లు ఎనిమిది అడుగుల ఇనుప నెమలి కావాలన్నారనుకోండి. కొత్తవారు తుక్కు ఖరీదు, వెల్డింగ్ రాడ్లు లెక్కేసి ధర చెప్పేస్తారు. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆటోనగర్‌లో కొన్న తుక్కులో ఏరగా మిగిలేది కొంతే. లోపల బరువు మోసే పైపుల ఫ్రేము, గ్రైండింగ్ చక్రాలు, కరెంటు, హెల్పర్ కూలి, తుప్పు గీకుడు, ప్రైమర్, పైపూత, లారీ, క్రేన్, కింద సిమెంటు దిమ్మె అన్నీ చేరాలి. వీటిపైన మీ డిజైన్ ఫీజు వేరే గీతలో రాయాలి. మొహమాటపడి దాన్ని వదిలేస్తే మీకు మిగిలేది కూలి డబ్బే. గీసిన బొమ్మ మీద సంతకం, చేతిలో అడ్వాన్స్ పడ్డాకే పని మొదలుపెట్టండి. వానాకాలం గడిచాక తుప్పు పడితే బాగుచేసే ఖర్చు ఎవరిదో కాగితం మీద ఉండాలి.

జాగ్రత్తలు

పాత కంప్యూటర్ బోర్డులు, వైర్లు కాలిస్తే వచ్చే పొగ విషం. వాటిని విప్పి వాడాలి తప్ప మంట పెట్టకూడదు. వెల్డింగ్‌కు ముసుగు, గ్రైండింగ్‌కు కళ్లద్దాలు తప్పనిసరి. పగడపు దిబ్బల ముక్కలు, రక్షిత జాతుల గవ్వలు, జంతువుల దంతాలు వాడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

ఆసరా, వేదికలు

కేంద్ర సాంస్కృతిక శాఖ 18-25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్లపాటు నెలకు రూ.5,000 స్కాలర్‌షిప్ ఇస్తుంది. లలిత కళా అకాడమీకీ స్కాలర్‌షిప్‌లు, జాతీయ ప్రదర్శన ఉన్నాయి. 2012లో మొదలైన కొచ్చి ముజిరిస్ బియెనాలేకు అనుబంధంగా ఆర్ట్ కాలేజీల విద్యార్థులకు స్టూడెంట్స్ బియెనాలే జరుగుతుంది. ఢిల్లీలోని ఖోజ్ వంటి సంస్థలు రెసిడెన్సీలు ఇస్తాయి.

వీటన్నింటికీ పోర్ట్‌ఫోలియో కావాలి. ఇందులో పూర్తయిన వస్తువు ఫొటో ఒక్కటే పెడితే చాలదు. తొలి స్కెచ్చులు, విఫలమైన అతుకులు, సగం పని ఫొటోలు, వాడిన సరుకు, కొలతలు, పట్టిన సమయం అన్నీ వరసగా ఉండాలి. చూసేవారికి మీ ఆలోచన నడిచిన దారి తెలియాలి.

మొదటి మెట్టుకు ఖర్చేమీ లేదు. మీ ఊళ్లో ఎక్కువగా పారేసే సరుకు ఒకటి ఎంచుకోండి. మగ్గాల ఊరైతే నూలు పోగులు, రొయ్యల చెరువుల పక్కనైతే చిరిగిన వలలు, ప్రింటింగ్ ప్రెస్‌లున్న వీధిలోనైతే కాగితపు కత్తిరింపులు. దాన్ని మడవండి, కుట్టండి, నానబెట్టండి, ఎండలో వానలో వదిలి చూడండి. ప్రతి ప్రయోగాన్నీ నోట్‌బుక్‌లో రాసి, ఫొటో అతికించండి. ఇంటర్వ్యూలో ‘ఈ సరుకే ఎందుకు?’ అని అడిగినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచి చూపిస్తే చాలు.