టౌను బస్సు - షేరు ఆటో



ప్రతిదినము మనలను బడికి చేర్చు బండిని గూర్చి మన మెన్నడైనను ఆలోచించితిమా? బస్సు వేళకు రానిచో కోపించుచున్నాము; షేరు ఆటోలో ఇరుకున కూర్చున్నప్పుడు విసుగు చెందుచున్నాము. కాని యీ రెండింటికిని గల సంబంధమును గుర్తించినవారు మనలో కొలదిమందియే. మన హోసూరునే ఉదాహరణముగా గైకొని దానిని తెలిసికొందము.

హోసూరు తమిళనాడు అంచున, కర్ణాటక సరిహద్దు చెంత, బెంగుళూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. 2004లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో చేరి, 2019లో నగరపాలక సంస్థ యైనది. బాగలూరు, మత్తిగిరి, తళి, కెలమంగలము మొదలగు ఊళ్లకు ఇదియే కేంద్రము. కర్మాగారములకు పోవు కార్మికులు, పూలును కూరగాయలును తెచ్చు రైతులు, బడికి వచ్చు పిల్లలు అందఱును ఉదయము ఇంచుమించు ఒకే వేళకు బండికై నిలుచుందురు.

తమిళనాట 1972 నుండి ప్రభుత్వ రవాణా సంస్థలు వెలసినవి. చెన్నపట్టణము వెలుపల వేర్వేరు పేర్లతో నడచుచుండిన యీ సంస్థలకు 1997లో తమిళనాడు రాష్ట్ర రవాణా సంస్థ యను పేరు వచ్చినది. బస్సులు లేని పల్లెల కొఱకు ప్రైవేటు మినీబస్సుల పథకము కూడ 1997లోనే ఆరంభమైనది.

టౌను బస్సునకు మార్గము, ఆగుచోటులు, బయలుదేరు వేళ ముందుగానే నిర్ణయింపబడి యుండును. నలువది యెనమండుగు రున్నను, ఇద్దరే యున్నను అది కడపటి యూరి వఱకు పోవలసినదే. డ్రైవరు, కండక్టరుల జీతములు, డీజిలు ఖర్చు రెండు సందర్భములందును పెద్ద భేదము లేక యుండును. కావున జనము తక్కువైన మార్గము నష్టము నిచ్చును.

షేరు ఆటో యట్లు కాదు. అది నిండినపుడే కదలును. జనము దొరకు చోటికే పోవును. ఇందుకు దానిని నిందింపరాదు. ఆటో నడుపువానికి నెలజీతము లేదు. బండి వాయిదా, ఇంధనము, ఇంటి ఖర్చు అన్నియు ఆనాటి సవారీలనుండియే రావలెను. బస్సు దూరని సందులోనికిని, బస్సు లేని వేళయందును ఆదుకొనునది ఆటోయే.

1988 నాటి మోటారు వాహనముల చట్టమును చూడుడు. ఆరుగురికంటె ఎక్కువమందిని ఎక్కించుకొన గలిగి, ఒక్కొక్కరి వద్ద విడిగా ఛార్జీ పుచ్చుకొనుచు పోవు బండి ఒక తెగ. బండి నంతటిని మాట్లాడుకొని పోవునది మఱియొక తెగ. సామాన్యపు ఆటో రెండవ తెగలోనిదే. అయినను, బస్సు చాలని చోట జనుల అవసరము దానిని మొదటి తెగవలె నడిపించుచున్నది.

ఇపుడొక చిన్న లెక్క. 48 మందిని తీసికొనిపోవు బస్సు ఒకటి రాలేదనుకొనుడు. ముగ్గురేసి చొప్పున 16 ఆటోలు కావలెను. వచ్చినవి ఎనిమిదే యైనచో, ఒక్కొక్కదానిలో ఆరుగు రెక్కుదురు. మూడు చక్రముల బండిపై బరువు పెరిగినకొలది మలుపులలో నిలుకడ తగ్గును. బ్రేకు వేసినను ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. కావున క్రిక్కిరిసిన ఆటోను చూచినపుడు రాని బస్సును గూడ తలచుకొనవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. తెలుగు మాధ్యమపు ఉన్నత పాఠశాల ప్రతి యూరను ఉండదు. ఊరిబడి ముగించిన బాలికను పట్టణమునకు పంపవలెనన్నచో, "సాయంకాలము ఏ బండిలో తిరిగి వచ్చును?" అనునదియే ఇంటిలో మొదటి ప్రశ్న. దానికి ఉత్తరము లేనిచో ఆమె మాతృభాషలో చదువు అక్కడనే ఆగిపోవచ్చును. ప్రభుత్వ బస్సులలో పాఠశాల విద్యార్థులకు ఉచిత పాసులున్నవి. 2021 మే నెలనుండి ప్రభుత్వపు సాధారణ ఛార్జీ టౌను బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము. అయినను, ఎక్కుటకు బస్సు వచ్చిననే గదా పాసునకు విలువ!

కావున బస్సు రాని దినమున విసుగుకొని యూరకుండక తేదీ, వేళ, మార్గము సంఖ్య వ్రాసి యుంచుడు. పదిమంది తల్లిదండ్రులు చేవ్రాలు చేసి డిపో అధికారికి ఇచ్చిన విన్నపమునకు, ఆ లెక్కయే బలము. వచ్చిన బస్సును విడువక ఎక్కుడు; మెట్లపై వ్రేలాడకుడు. పేరుపలకపై తమిళ, కన్నడ అక్షరములను గూడ చదువ నేర్చుకొనుడు. బస్సు దిగినచోట ఇల్లు దూరమైనచో ఆటో ఉండనే యున్నది. పెద్ద దారికి బస్సు, చిన్న దారికి ఆటో - ఇట్లు రెండును కలిసినపుడే ప్రయాణము సుఖమగును.

అభ్యాసము

1. మీ యూరినుండి బడికి వచ్చు బస్సుల వేళలను ఒక పట్టికగా వ్రాయుడు.

2. ఒక వారము దినములు అవి వచ్చిన వేళలను ప్రక్కన గుర్తించి, ఆలస్యముల సగటు కట్టుడు.

3. బస్సు నిండకున్నను ఏల కదలవలెను? ఐదు వాక్యములలో వ్రాయుడు.