రోడ్డు పక్కన బోర్డు, హన్నా ఉత్తరం

అమెరికా దేశంలో వర్జీనియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ రోడ్ల పక్కన స్తంభాల మీద వెండి రంగు బోర్డులు కనిపిస్తాయి. వాటి మీద నల్లటి అక్షరాలు ఉంటాయి. ఇవి ఊరి పేరు, దూరం చెప్పే బోర్డులు కావు. ఆ చోట పూర్వం ఏం జరిగిందో చెప్పే బోర్డులు. 1927 నుంచి అక్కడ ఇలాంటివి పెడుతున్నారు.

లించ్‌బర్గ్ అనే పట్నం దగ్గర అలాంటి బోర్డు ఒకటి ఉంది. పోప్లర్ ఫారెస్ట్ అనే ఇంటి గురించి అది చెబుతుంది. అది థామస్ జెఫర్సన్ ఇల్లు.

జెఫర్సన్ ఎవరు? 1801 నుంచి 1809 దాకా అమెరికా ప్రెసిడెంటు. ఊరి ప్రెసిడెంటు కాదు, దేశానికే ప్రెసిడెంటు. ఆయన సొంత ఇంటికి ఎప్పుడూ జనం వస్తూనే ఉండేవారు. తీరిక దొరికేది కాదు. అందుకని 1806లో దూరంగా, పొలాల మధ్య ఇంకో ఇల్లు మొదలుపెట్టాడు. అది ఎనిమిది మూలల ఇటుక ఇల్లు. అక్కడికి వెళ్లాలంటే మూడు రోజుల ప్రయాణం. ఆ పొలం ఆయన భార్య పుట్టింటి ఆస్తి. 1773లో మామగారు చనిపోయాక వీళ్లకు వచ్చింది.

ఆ పొలంలో పొగాకు, గోధుమ పండేవి. పండించింది ఎవరు? నల్లజాతి బానిసలు. బానిస వేరు, కూలి వేరు. కూలికి చేసిన పనికి డబ్బులు వస్తాయి. బానిసకు కూలి లేదు, పని మానే హక్కు లేదు. పశువును అమ్మినట్లు మనిషిని అమ్మేవారు. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట అయిపోయేవారు.

మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో రాసింది జెఫర్సనే. జీవితం మొత్తంలో 600 మందికి పైగా బానిసలను ఉంచుకున్నదీ ఆయనే.

పోప్లర్ ఫారెస్ట్‌లో చెక్క పని చేసిన వడ్రంగి జాన్ హెమ్మింగ్స్. అతనూ బానిసే. ఇంటి పని చూసిన ఆమె పేరు హన్నా. ఆమె కూడా బానిసే. కానీ హన్నాకు అక్షరాలు వచ్చు.

1818 నవంబరులో జెఫర్సన్‌కు జబ్బు చేసింది, ఈసారి రాలేడు అని హన్నాకు తెలిసింది. ఆమె ఆయనకు ఉత్తరం రాసింది. ఇల్లు, సామాను భద్రంగా ఉన్నాయని తెలిపింది. జబ్బు సంగతి విని బాధపడ్డానంది. దేవుణ్ణి నమ్ముకోమని ఆ పెద్దాయనకే మంచి మాట చెప్పింది.

ఆ రోజుల్లో చదువు వచ్చిన బానిసలు చాలా తక్కువ. 1831లో అయితే నల్లవాళ్లను పోగుచేసి చదువు చెప్పడం నేరమని వర్జీనియాలో చట్టమే చేశారు. చదువుకున్న బానిస ఎదురు తిరుగుతాడని యజమానుల భయం. చివరికి 1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది.

జెఫర్సన్ ఇల్లు ఇప్పుడు అందరూ చూడవచ్చు. అక్కడ తవ్వితే బానిసలు ఉన్న ఇళ్ల జాడలు కూడా బయటపడ్డాయి.

రోడ్డు పక్క బోర్డు చిన్నది. ఇల్లు ఎవరిదో చెబుతుంది. అక్కడ కష్టపడిన వాళ్లందరి పేర్లూ దాని మీద పట్టవు. హన్నా పేరు మాత్రం నిలిచింది. రెండు వందల ఏళ్లు దాటినా ఆమె ఉత్తరం ఉంది. ఆమె మాట మనకు ఇప్పటికీ వినిపిస్తోంది.

మాట్లాడుకోండి

1. కూలికీ బానిసకూ తేడా ఏమిటి?
2. బానిసలు చదువుకుంటే యజమానులకు ఎందుకు భయం?
3. మీ ఊళ్లో బడి మీద, బావి మీద, గుడి మీద ఎవరి పేర్లు రాసి ఉన్నాయి? చదవండి. అవి కట్టిన వాళ్ల పేర్లు పెద్దవాళ్లను అడిగి మీ నోటుపుస్తకంలో రాయండి.