కదిలే ఇసుక – కదలని దారి

పాఠ్యభాగ ఉద్దేశం

సముద్రతీరాలను అందంగా తీర్చిదిద్దే తలంపుతో ఇసుక మీద సిమెంటు దారులు వేయడం నేడు దేశదేశాలలో కనిపిస్తున్నది. నడకకు, సైకిలు ప్రయాణానికి ఉపకరించే అటువంటి దారులను కొన్నిచోట్ల తీరవాసులే ఎందుకు వ్యతిరేకించారో, ఆ వ్యతిరేకత వల్ల ఏమి జరిగిందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గోదావరిఖని అనే పేరులోనే నది ఉన్నది, గని ఉన్నది. రామగుండం ప్రాంతపు భూగర్భ గనులలో బొగ్గు తీసినచోట ఏర్పడే ఖాళీలను నింపడానికి గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపేవారు. సింగరేణి కార్మికులు ఈ పనిని స్టోయింగ్ అంటారు. ఖాళీ ఇసుకతో నిండితే బాయి పైకప్పు కూలే ప్రమాదం తగ్గుతుంది. పైనున్న నేల కుంగడం కూడా తగ్గుతుంది. చూపరులకు విలువలేనిదిగా తోచే ఇసుక ఇక్కడ కార్మికుని ప్రాణానికి అండగా నిలిచింది. అదే ఇసుక నది వెంట సాగి సముద్రాన్ని చేరినప్పుడు తీరానికి అండ అవుతుంది. ఈ రెండవ సంగతి సముద్రానికి దూరంగా ఉండేవారికి అంతగా పరిచితం కాదు.

నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిపొడవునా అది మోసుకొనిపోయిన ఇసుకను అలలు మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. ఒడ్డు వెంబడి వీచే గాలులు, సాగే నీటి ప్రవాహాలు దానిని ఒకచోటి నుండి మరొకచోటికి నడిపిస్తాయి. కాకినాడ ఎదుట సుమారు 16 కిలోమీటర్ల పొడవున కనిపించే హోప్ ఐలాండ్ అనే ఇసుకతిన్నె గడచిన రెండు శతాబ్దాలలో ఇట్లా ఏర్పడినదే. పెద్ద అలల తాకిడి నుండి కాకినాడ తీరాన్ని అది కొంతవరకు కాపాడుతున్నది.

సంస్కృతంలో 'వేల' అనే పదానికి సముద్రపు ఒడ్డు అనీ, హద్దు అనీ రెండు అర్థాలున్నాయి. తెలుగులో 'చెలియలికట్ట' అనే మాట కూడా ఈ రెండు భావాలనూ స్ఫురింపజేస్తుంది. తీరమే కడలికి హద్దని పూర్వులు భావించారు. అయితే ఆ హద్దు రాతిగోడ వంటిది కాదు. అది నిరంతరం కదిలే హద్దు. కదలడంలోనే దాని బలమంతా ఉన్నది.

తుపానులు వచ్చినప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న ఇసుకను లోపలికి లాగుకొని నీటి అడుగున దిబ్బగా పేరుస్తుంది. తరువాత వచ్చే అలలు ఆ దిబ్బ మీద విరిగి బలం కోల్పోతాయి. సముద్రం శాంతించిన పిమ్మట చిన్న అలలు ఆ ఇసుకను కొద్దికొద్దిగా తిరిగి ఒడ్డుకు తెస్తాయి. ఒడ్డుకు పైభాగాన గాలి పేర్చిన తిన్నెలు ఈ జమాఖర్చులలో నిల్వసొమ్ము వంటివి. తీరపు గడ్డి, నేలపై పాకే తీగలు ఆ తిన్నెలను పట్టి నిలుపుతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. మత్స్యకారులు పడవలు నిలుపుకోవడానికి, వలలు బాగుచేసుకోవడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి ఈ ఇసుకే ఆధారం. కనుక ఇసుక తీరాన్ని ఖాళీస్థలంగా లెక్కించడం పొరపాటు.

అటువంటి తీరం మీద సిమెంటు దారి వేస్తే ఏమవుతుంది? తిన్నెలలోని ఇసుక దారి కింద చిక్కుకొనిపోతుంది. అవసరమైనప్పుడు సముద్రానికి అది అందదు. అల వచ్చి గట్టి అంచును తాకినప్పుడు దాని బలం అణగక వెనుకకు మళ్లి, అంచు ముందున్న ఇసుకను కోసుకొనిపోతుంది. కొంతకాలానికి దారి అంచు విరుగుతుంది. దారిని కాపాడటానికి బండరాళ్లు పోస్తారు. ఆ రాళ్ల వల్ల వాటి ముందున్న ఇసుక మరింత తగ్గుతుంది. కోత పక్క ఊరి తీరానికి పాకుతుంది. దారిని కాపాడబోయి తీరాన్ని పోగొట్టుకోవడం జరుగుతుంది.

తెలుగువారి తీరంలో దీనికి దగ్గరి నిదర్శనం కాకినాడ – ఉప్పాడ బీచ్ రోడ్డు. జాందానీ చీరలకు పేరుపొందిన ఉప్పాడ ఎంతోకాలంగా సముద్రపు కోతకు గురి అవుతున్నది. ఎన్నో మత్స్యకార కుటుంబాలు ఇళ్లు కోల్పోయాయి. రోడ్డుకు రక్షణగా బండరాళ్లు పోశారు. ఇసుక నింపిన పెద్ద గొట్టాల వంటి సంచులతో గోడ కూడా నిర్మించారు. అయినా పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా రోడ్డు దెబ్బతింటూనే ఉన్నది. ఇక్కడ కోతకు మూలం రోడ్డు కాదు. నదుల మీది ఆనకట్టల వెనుక ఇసుక నిలిచిపోవడం, తీరం వెంబడి ఇసుక నడక మారిపోవడం వంటి పలు కారణాలున్నాయి. కాని, కదిలే ఒడ్డున కదలని దారిని నిలబెట్టడం ఎంత కష్టమో ఉప్పాడ చెబుతున్నది.

సైకిలు దారి విషయంలోనే ఇటువంటి సమస్య అమెరికాలో ఎదురైంది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని వెంచురా నగరంలో, వెంచురా నది సముద్రంలో కలిసేచోటికి పక్కన సర్ఫర్స్ పాయింట్ అనే తీరం ఉన్నది. పలకల మీద నిలిచి అలలపై సాగే క్రీడకు అది ప్రసిద్ధి. 1989లో అక్కడ నీటికి అతి సమీపంగా సైకిలు దారి, వాహనాలు నిలిపే స్థలం నిర్మించారు. కొద్ది సంవత్సరాలలోనే దారి అంచులు విరిగిపడసాగాయి. ఎగువన 1940ల చివరలో పూర్తయిన మటిలీహా ఆనకట్ట నది ఇసుకను అడ్డగించడం కూడా తీరం సన్నగిల్లడానికి ఒక కారణం. దారి రక్షణకు రాళ్లగోడ కట్టాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు అలల క్రీడాకారులు, పర్యావరణ కార్యకర్తలు దానిని వ్యతిరేకించారు. వారు సైకిలు దారిని తొలగించమని కోరలేదు. వెనుకకు జరపమని కోరారు. చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. చివరకు 2011 నాటికి మొదటి దశలో దారిని సుమారు 20 మీటర్లు వెనుకకు జరిపారు. పాత దారి ఉన్నచోట గులకరాళ్లు పరచి, వాటిపై ఇసుకతిన్నెలు ఏర్పరచి, ఆ నేలకు చెందిన మొక్కలు నాటారు. 2023 ఆరంభంలో వచ్చిన పెను అలలకు దారి జరపని భాగం బాగా దెబ్బతిన్నది. తిన్నెలున్న భాగం నిలదొక్కుకున్నది.

మన దేశంలో ముంబయి కోస్టల్ రోడ్డు వివాదం మరింత పెద్దది. మెరైన్ డ్రైవ్ నుండి వర్లీ వరకు 10.58 కిలోమీటర్ల ఈ మార్గంలో వాహనాల దారితో పాటు నడకదారి, సైకిలు దారి, తోటలు కూడా చేర్చారు. నగరంలో ట్రాఫిక్ తగ్గుతుందని, సామాన్యునికి సముద్రపు గాలి పీల్చుకొనే చోటు దొరుకుతుందని సమర్థించినవారు వాదించారు. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. అయితే సముద్రాన్ని పూడ్చడం వల్ల ఒడ్డుకు దగ్గరి చేపలవేట దెబ్బతింటుందని వర్లీ కోలీ మత్స్యకారులు న్యాయస్థానానికి వెళ్లారు. 2019 జూలైలో బొంబాయి హైకోర్టు ఆ ప్రాజెక్టు అనుమతులను రద్దుచేసింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇవ్వడంతో పనులు తిరిగి మొదలయ్యాయి. మత్స్యకారులు పట్టు విడువలేదు. వంతెన స్తంభాల నడుమ 60 మీటర్ల ఎడమే ఉంటే తమ పడవలు క్షేమంగా సాగలేవని చెప్పి, పడవలతో పనులను అడ్డుకున్నారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఆ ఎడాన్ని 120 మీటర్లకు పెంచడానికి అంగీకరించింది. 2024 మార్చిలో రోడ్డు తొలిభాగం ప్రారంభమైంది. మత్స్యకారులు రోడ్డును ఆపలేకపోయారు; కాని తమ పడవలకు దారి సాధించుకున్నారు. వారు కోరినదంతా దక్కలేదు. పూడిన సముద్రం తిరిగి రాలేదు.

వెంచురా గెలుపులోను, వర్లీ సగం గెలుపులోను ఒక భేదం గమనింపదగినది. తీరవాసుల మాట నిర్మాణానికి ముందే విని ఉంటే వెంచురాలో ఒకే దారిని రెండుసార్లు నిర్మించవలసిన పని ఉండేది కాదు. వర్లీలో స్తంభాల కొలతలు తొలి పటంలోనే సరిదిద్దుకోవచ్చు. ఏ నీటిలో ఏ గాలికి పడవ ఎటు కొట్టుకొనిపోతుందో జాలరికి తెలిసినట్లు పటం గీసినవారికి తెలియదు. ఆ అనుభవజ్ఞానం ఖర్చు లేకుండా లభించే సలహా. ఆలస్యంగా వింటే దాని ఖరీదు పెరుగుతుంది.

ఇందుకోసమే చట్టాలు ఏర్పడ్డాయి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన వెలువడింది. 2011లోను, 2019లోను దాని స్థానంలో కొత్త ప్రకటనలు వచ్చాయి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన, దాని పరిధిలోని పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణను నిర్దేశించింది. ప్రజలు స్పందించడానికి కనీసం 30 రోజుల గడువు ఇస్తూ పత్రికలలో ముందుగా ప్రకటించాలి. రామగుండం పరిసర గ్రామాలవారు ఓపెన్‌కాస్ట్ గనుల విషయంలో బాంబు పేలుళ్ల గురించి, దుమ్ము గురించి, ఇంకిపోయే బావుల గురించి చెప్పుకొనే వేదిక కూడా ఇదే. కడలి ఒడ్డున జాలరికి, గని ఒడ్డున రైతుకు ఈ హక్కు ఒక్కటే.

సైకిలు దారి మంచిదే. పొగ లేని ప్రయాణం, దేహానికి వ్యాయామం, వృద్ధులకు పిల్లలకు విహారం – ఇవన్నీ కోరదగినవే. దారి కావాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. అది ఎక్కడ ఉండాలి, దేనితో వేయాలి, అక్కడ బ్రతికేవారిని ఎప్పుడు అడగాలి అన్నదే. తిన్నెలకు వెనుకగా, గట్టినేల మీద వేసిన దారి నుండి కూడా సముద్రం కనిపిస్తుంది. ఆ దారి ముందు ఇసుక తన పని తాను చేసుకొనిపోతుంది.

అర్థాలు

వేల : సముద్రపు ఒడ్డు, హద్దు
చెలియలికట్ట : సముద్రతీరం
తిన్నె : ఎత్తుగా పేరుకొన్న ఇసుక దిబ్బ
ఎడం : నడిమి దూరం
మదింపు : అంచనా కట్టడం
నిదర్శనం : ఉదాహరణ

ప్రశ్నలు

1. ఇసుక తీరం 'కదిలే హద్దు' ఎట్లా అవుతుందో వివరించండి.
2. సముద్రతీరాన సిమెంటు దారి వేయడం వల్ల కలిగే నష్టాలేవి?
3. వెంచురా వాసులు, వర్లీ మత్స్యకారులు కోరినవి ఏమిటి? సాధించినవి ఏమిటి?
4. మీ ప్రాంతంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే మీరు అడగదలచిన మూడు ప్రశ్నలు రాయండి.