తక్కువ ఖర్చుతో అంగారకుడి దాకా

ఇస్రో అంగారక యాత్ర మంగళయాన్‌కు 2012 ఆగస్టులో కేంద్రం ఆమోదం లభించింది. వ్యయం సుమారు రూ.450 కోట్లు. జీఎస్‌ఎల్‌వీ రాకెట్ అప్పటికి సిద్ధంగా లేక ఇస్రో తక్కువ శక్తిగల పీఎస్‌ఎల్‌వీనే ఎంచుకుంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన వ్యోమనౌక అందుకే నేరుగా అంగారకుడి వైపు సాగలేదు. భూమికి చేరువైనప్పుడల్లా ఇంజిన్ మండించి కక్ష్యను పెంచుకుంటూ పోయింది. అసలు ప్రతిభ ఇక్కడే ఉంది. చంద్రయాన్-1 నిర్మాణ అనుభవమూ ఖర్చు తగ్గించింది. దాదాపు 300 రోజులు వాడని ద్రవ ఇంజిన్‌ను 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు మండించి పరీక్షించారు. 24న నౌక అంగారక కక్ష్యలో చేరింది. తొలి ప్రయత్నంలోనే ఇది సాధించిన తొలి దేశం భారత్. ఆరు నెలలకని రూపొందించిన నౌక ఎనిమిదేళ్ల వరకు పనిచేసింది.

ఇలాంటి ప్రయోగాల్లో పనిచేయాలనుకునే ఇంజినీరింగ్ పట్టభద్రులకు ఇస్రోలో ప్రవేశ స్థాయి పోస్టు సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’. ఈ పోస్టుకు నియామకాలను ఇస్రో కేంద్రీకృత నియామక మండలి చేపడుతుంది.